ముక్కోణపు ఇంజిను, మూడో మలుపు

కహురంగిని మొదటిసారి కలిసినప్పుడు నేను ఆమె ముఖం చూడలేదు. బూట్లు చూశాను.

ఆగస్టు నెల. వాన. హావెరా ఊరి బయట, పాత కార్లు విప్పి విడిభాగాలు అమ్మే యార్డు. నేను దక్షిణ ద్వీపం నుంచి ఉత్తర ద్వీపంలోని తరనాకీ జిల్లాకి వచ్చి అప్పటికి మూడు వారాలే అయింది. నా స్టేషన్ వ్యాగన్‌లో వెనక చక్రాలను తిప్పే పళ్ళపెట్టె, అదే డిఫరెన్షియల్, దారి పొడుగునా పిల్లిలా ఏడుస్తోంది. అదే రకం నాలుగు చక్రాలూ లాగే సెడాన్ ఒకటి యార్డుకు వచ్చిందని ఫోన్లో చెప్పగానే పరిగెత్తాను.

సెడాన్ ఉంది. దాని కిందనుంచి రెండు బూట్లు బయటికి పొడుచుకొచ్చి ఉన్నాయి.

"హలో... మీరు ఈ డిఫరెన్షియల్ కోసమేనా?" అన్నాను బూట్లతో.

"కాదు. ఎండ తగలకుండా పడుకున్నాను."

నా కాలర్లోంచి వాననీళ్ళు వీపు మీదికి దిగుతున్నాయి. "నాకు పొద్దున్నే ఫోన్లో చెప్పారండీ. నాకోసం ఉంచుతామన్నారు."

"చెప్పింది నీకు. బోల్టులు విప్పింది నేను. నీ కాలి దగ్గర పద్నాలుగో నంబరు స్పానర్ ఉంది, ఇలా అందించు."

అందించాను. ఎందుకు అందించానో నాకు ఇప్పటికీ తెలియదు.

"నీది ఏ బండి?" అంది, ఏదో బలంగా తిప్పుతూ.

"వ్యాగన్. ఇదే కంపెనీ."

"అయితే ఇది నీకు పనికిరాదు. దీని పళ్ళ లెక్క వేరు. వెనక ఒక లెక్క, ముందు ఒక లెక్క ఉంటే రెండ్రోజుల్లో నీ గేర్‌బాక్స్ నుజ్జయిపోతుంది. మార్చితే ముందూ వెనకా రెండూ మార్చాలి. రెండూ నేనే తీసుకుంటున్నాను."

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. నా ఉద్యోగానికి ఆ సంగతి నాకు ముందే తట్టి ఉండాల్సింది. ఆ ఉక్రోషంతో అడిగాను. "ఇంతకీ మీకెందుకు?"

"ఇలాంటి బండిలోనే రోటరీ ఇంజిను పెడుతున్నా."

నవ్వాపుకోలేకపోయాను. "పదహారు వందల కిలోల బండి! నాలుగు చక్రాలు తిప్పాలి! దానికి రోటరీనా? ఏనుగుకి కుట్టుమిషన్ మోటారు కట్టినట్టుంటుంది!"

స్పానర్ చప్పుడు ఆగిపోయింది. బూట్ల తర్వాత మోకాళ్ళు వచ్చాయి, మోకాళ్ళ తర్వాత మొత్తం మనిషి వచ్చింది. ఇరవై ఆరేళ్ళుంటాయి. చెంప మీద గ్రీజు, జడలో తుప్పు పొడి, చూపులో మాత్రం తుప్పు లేదు.

"ర్ర్రోటర్ర్రీ," అంది నన్ను అనుకరిస్తూ. "దక్షిణాదివా?"

"గోర్ పక్కన పల్లె."

"మీ ఊళ్ళో 'ర'కి టర్బో పెడతారా?"

నాకు చెవుల దాకా వేడెక్కింది. ఆమె చేతులు తుడుచుకుంటూ, "ఏం పని చేస్తావు?" అంది.

"మార్పులు చేసిన బండ్లను తనిఖీ చేసి, రోడ్డెక్కొచ్చని సర్టిఫికెట్ ఇచ్చే ఇంజినీర్ని. పేరు లాక్లన్. ఈ జిల్లాకి కొత్తగా వేశారు."

ఆమె చేతులు తుడుచుకోవడం ఆపింది.

"అంటే నా కాగితం మీద సంతకం పెట్టాల్సింది..."

"నేనే."

"ఏనుగు, కుట్టుమిషన్," అంది ఆమె నెమ్మదిగా. "గుర్తు పెట్టుకుంటాను, దక్షిణాది బాబూ."

* * *

రెండు వారాలకు ఆమె దరఖాస్తు నా బల్ల మీదికి వచ్చింది. వెళ్ళాను.

ఊరికి ఉత్తరంగా, పాడి పొలాల మధ్య ఇల్లు. ఆ రోజు తరనాకీ కొండ నెత్తి మీద మంచుతో స్పష్టంగా కనిపిస్తోంది. ఇక్కడివాళ్ళు ఒక మాటంటారు: కొండ కనిపిస్తే వాన రాబోతున్నట్టు, కనిపించకపోతే వాన పడుతున్నట్టు.

వరండాలో ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని చిలగడదుంపల చెక్కు తీస్తున్నాడు. కుర్చీ వీపు సరిగ్గా షెడ్డు వైపు తిరిగి ఉంది. నేను పలకరిస్తే తల ఊపాడు గాని, షెడ్డు వైపు చెయ్యి కూడా చూపించలేదు.

"మా తాత రావిరి," అంది కహురంగి షెడ్డు తలుపు లాగుతూ. "ఆయన ఇటు రాడు. నువ్వు రా."

లోపల ఇంజిను లేని సెడాన్ నోరు తెరుచుకుని ఉంది. పక్కన బల్ల మీద గళ్ళ దుప్పటి కింద చిన్న మూట లాంటిది. ఆమె దుప్పటి తీసింది.

మామూలు ఇంజిన్లలో పిస్టన్లు పైకీ కిందికీ కొట్టుకుంటాయి. దీంట్లో అవేవీ ఉండవు. ముక్కోణపు రోటర్లు రెండు, గుండ్రంగా తిరుగుతాయి, అంతే. ఇద్దరు మోసుకుపోగలిగేంత చిన్నది. ఎవరు బిగించారో గాని, ప్రతి బోల్టూ పెళ్ళికి ముస్తాబైనట్టుంది.

"ఎవరు కట్టారు?"

"తాత. పదహారేళ్ళ కిందట. ఈ చుట్టుపక్కల ఆయన చెయ్యి పడని రోటరీ లేదు." మళ్ళీ మామూలు గొంతుతో అంది. "ఊఁ, మొదలుపెట్టు. ఎందుకు కుదరదో చెప్పు. నోరు దురదగా ఉంది కదా?"

చెప్పాను. కింది వేగాల్లో ఈ ఇంజినుకు లాగే సత్తువ ఉండదు. ఆయిల్ చాంబర్ ముందు ఇరుసుకు తగులుతుంది. వేడెక్కుతుంది. పెట్రోలు తాగుతుంది. అన్నిటినీ మించి చప్పుడు. పరిమితి తొంభై అయిదు డెసిబెల్స్, రోటరీ ఊరికే నిలబడి దాన్ని దాటేస్తుంది.

ఆమె వేళ్ళు మడిచి లెక్కపెట్టుకుంది. "ఇంజిను పొట్టిది కాబట్టి దాన్ని ఇరుసుకు వెనకగా జరుపుతాను. పాత ఇంజినుకన్నా తేలిక కాబట్టి ముక్కు బరువు తగ్గుతుంది. ముక్కు తేలికైతే మలుపులో బండి నా మాట వింటుంది. యార్డులో నీ దగ్గర లాక్కున్న డిఫరెన్షియళ్ళు పొట్టి గేరువి, సత్తువ అక్కడ కొంత వస్తుంది. పెట్రోలు నా తలనొప్పి. మిగిలినవి రెండు, వేడీ చప్పుడూ. వచ్చే శనివారం రా."

"శనివారం నాకు సెలవు."

"మరీ మంచిది. అమ్మ రొట్టెలు వేయిస్తుంది."

* * *

శనివారాలు అలా మొదలయ్యాయి.

వాళ్ళ అమ్మ హుయా ఎడమకాలు కొంచెం ఈడుస్తూ నడుస్తుంది, నోటికి మాత్రం ఏ అడ్డూ లేదు. "తిను బాబూ. నా కూతురు నిన్ను తిట్టే తిట్లకి బలం కావాలి," అంటూ నూనెలో పొంగిన రొట్టెల మీద బంగారు రంగు పాకం పోసేది. రావిరి తాత నాకెదురుగా కూర్చుని తినేవాడు. నా ఊరి గురించి, అక్కడి గొర్రెల గురించి అడిగేవాడు. షెడ్డు గురించి ఒక్క ముక్క ఎత్తేవాడు కాదు.

కహురంగి నేను కొలిచి తప్పన్న ప్రతిదాన్నీ విప్పి మళ్ళీ కట్టింది. ఇంజిను ఆనే పట్టీలు మూడుసార్లు అతికింది. ఆయిల్ చాంబర్ కోసి, వంచి, మళ్ళీ అతికి, ఇరుసుకు వేలెడు సందు సంపాదించింది. "ఇంకో రెండు మిల్లీమీటర్లు కావాలి," అన్నాను ఒకసారి.

"రెండు మిల్లీమీటర్లా? నీ మీసమంత కూడా లేదు."

"నాకు మీసం లేదు."

"అదే చెబుతున్నా."

అయినా ఆ సాయంత్రమే విప్పింది.

అక్టోబరు మొదటి వారంలో ఇంజిను మొదటిసారి అందుకుంది. నేను అక్కడే ఉన్నాను. ముందు ఒక దగ్గు, తర్వాత పొగ, తర్వాత డబ్ డబ్ డబ్ మని గుండె తప్పిన డప్పులా ఆ రోటరీ చప్పుడు. షెడ్డు రేకులు వణికాయి. కహురంగి ఎగిరి నా భుజం మీద కొట్టింది. అంత నవ్వు ఆ ముఖం మీద నేనెప్పుడూ చూడలేదు.

వెంటనే ఆమె తలుపు దగ్గరికి పరిగెత్తింది. నేను వెనకే వెళ్ళాను. వరండాలో రావిరి తాత లేచి నిలబడి ఉన్నాడు. చేతిలో గిన్నె అక్కడే పెట్టి, ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు.

ఆమె నవ్వు ఆరిపోయింది. ఇంజిను ఆపేసి, "వచ్చేవారం తోలి చూద్దాం," అంది. అంతే.

* * *

సర్టిఫికెట్ లేకుండా రోడ్డెక్కకూడదు. అందుకని పక్కింటివాళ్ళ పాడి పొలంలో ఆవులు నడిచే దారి మీద తోలాం. చదునులో బాగానే ఉంది. ఎత్తు మొదలయ్యేసరికి బండి నీరసపడింది. ఆమె యాక్సిలరేటర్ తొక్కింది, ఇంజిను అరిచింది, బండి మాత్రం చూడి ఆవులా నిలబడిపోయింది. క్లచ్ కాలిన వాసన. కంచె దగ్గర ఇరవై ముప్పై ఆవులు వరసకట్టి, నములుతూ, మమ్మల్ని చూస్తున్నాయి.

ఆమె దిగి గడ్డి మీద కూర్చుంది. "అను. ఏనుగు, కుట్టుమిషన్. ఇప్పుడు అను."

"అనను."

"ఎందుకు?"

"ఆవులు ముందే అనుకుంటున్నాయి."

ఆమె నవ్వలేదు. మోకాళ్ళ మీద గడ్డం పెట్టుకుంది. కళ్ళు తడిగా ఉన్నాయి. ఏం చెయ్యాలో నాకు తెలుసు, కాని తనిఖీ చేసేవాడు సలహా ఇవ్వకూడదు. అది రూలు.

"నేను బండి గురించి ఏమీ చెప్పకూడదు," అన్నాను. "వాతావరణం గురించైతే మాట్లాడొచ్చు."

"ఏం మాట్లాడతావు?"

"మా ఊళ్ళో పెద్ద గాలి ఆలస్యంగా వస్తుంది. వచ్చేసరికి ఎండబెట్టిన గడ్డి తడిసిపోయి ఉంటుంది. చిన్న గాలి అట్లా కాదు. పెందలాడే వస్తుంది."

ఆమె నన్ను వింతగా చూసింది. తర్వాత బండి బానెట్ వైపు చూసింది. ఇంజినులోకి గాలి తోసే టర్బో ఆమె పెట్టింది పెద్దది, వేగం బాగా పెరిగాక గాని తిరగదు. ఆమె పెదవి చివర కొంచెం వంగింది.

"చిన్న గాలి," అంది. "లాక్లన్, నీకు వాతావరణం బాగా తెలుసు."

నా పేరు పలకడం అదే మొదటిసారి. అంతవరకు నేను దక్షిణాది బాబునే.

నాలుగు రోజుల్లో ఎక్కడినుంచో చిన్న టర్బో తెచ్చింది. కొత్త క్లచ్ వేసింది. ఆ శనివారం అదే ఎత్తును బండి గొణుక్కుంటూ, కాని ఆగకుండా ఎక్కింది. ఆవులు తప్పుకున్నాయి.

* * *

ఆ రోజే వంటింట్లో హుయా నాకు అసలు సంగతి చెప్పింది.

"ఇంత బరువు బండిలో ఆ ఇంజిను ఎందుకని ఎప్పుడైనా అడిగావా దాన్ని?"

"చాలాసార్లు. నా ఇష్టం అంటుంది."

హుయా గిన్నెలు కడుగుతూనే చెప్పింది. పదకొండేళ్ళ కిందట ఆ ఇంజిను ఒక చిన్న, తేలికైన కారులో ఉండేది. లాగేది వెనక చక్రాలు రెండే. మాంగాకోహు కొండ రోడ్డు మీద వాన పడుతోంది. రావిరి తాత తోలుతున్నాడు, పక్క సీట్లో హుయా. మూడో మలుపులో వెనక చక్రాలు జారాయి. కారు కంచె తెంచుకుని లోయ అంచున చెట్టుకు ఆగింది.

"నా కాలు ఇలా అయింది. కారు తుక్కయింది. ఇంజినుకు గీత కూడా పడలేదు. నాన్న దాన్ని చూడలేక దుప్పటి కప్పాడు, పారేయలేక ఉంచుకున్నాడు. ఆ రోజునుంచి స్టీరింగ్ పట్టలేదు. ఆ కొండ ఎక్కలేదు." ఆమె నీళ్ళు కట్టేసింది. "కొండ మీద మా శ్మశానం ఉంది. అమ్మ అక్కడే ఉంది. పదకొండేళ్ళుగా నాన్న అమ్మ దగ్గరికి వెళ్ళలేదు. ఎవరు ఏ బండిలో తీసుకెళ్తానన్నా ససేమిరా అంటాడు. నేను క్షమించేశాను బాబూ. నిజానికి నాకు కోపమే రాలేదు. ఆయనకి ఆయన మీదే..."

చేతులు తుడుచుకుంటూ కిటికీ వైపు తిరిగింది.

కిటికీలోంచి షెడ్డు కనిపిస్తోంది. కహురంగి బండి కింద పడుకుని ఉంది. మళ్ళీ బూట్లే. తప్పు ఇంజినుది కాదు, తాతదీ కాదు, తడిరోడ్డు మీద రెండే చక్రాలదని నిరూపించడానికి ఆ పిల్ల మూడేళ్ళుగా ఇనుముతో కుస్తీ పడుతోంది. నాలుగు చక్రాలూ పట్టుకునే బరువైన బండి అందుకే. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

ఆ సాయంత్రం ఇంటికి తోలుకుంటూ వెళ్తుంటే నాకు ఒకటి స్పష్టమైంది. ఆ బండి పాసవ్వాలని నేను కోరుకుంటున్నాను. మామూలుగా కాదు, గుండె నొప్పిపుట్టేంతగా. అలా కోరుకునేవాడు ఆ బండికి సంతకం పెట్టకూడదు.

సోమవారం ఒక ఫారం నింపి, ఆమె ఫైలును పామర్‌స్టన్ నార్త్‌లో ఉండే మిసెస్ డ్రమండ్‌కు బదిలీ చేశాను. మా ఇంజినీర్లందరిలోకెల్లా కఠినమైన మనిషి. ఆవిడ పెట్టిన సంతకాన్ని ఎవరూ వేలెత్తి చూపలేరు. శనివారం వెళ్ళి కహురంగికి అంతా చెబుదామనుకున్నాను.

ఆఫీసు ఉత్తరం గురువారమే ఆమెకు చేరిపోయింది.

* * *

శుక్రవారం సూపర్ మార్కెట్ ముందు, వానలో, నన్ను పట్టుకుంది. చేతిలో ఉత్తరం తడిసి వేలాడుతోంది.

"ఇదేమిటి?"

"చెబుదామనే..."

"రెండు నెలలు మా రొట్టెలు తిన్నావు. ప్రతి బోల్టూ కొలిచావు. చివరికొచ్చేసరికి చేతులు దులుపుకున్నావు!"

"కహురంగీ, ఒక్క నిమిషం విను."

"ఇది పాసవ్వదని నీకు తెలుసు. నా ముఖం మీద చెప్పే ధైర్యం లేక ఇంకొకరి చేత చెప్పిస్తున్నావు. అవునా కాదా?"

"కాదు! నీ బండి మీద నాకు నమ్మకం లేక కాదు, నేను నిన్ను..."

చెప్పబోయి ఆగిపోయాను. వారంలో తనిఖీ. ఇప్పుడు నేనీ మాట అంటే ఆమె బుర్రలో బండి ఉండాల్సిన చోట నేనుంటాను. పైగా ఆ కోపంలో ఆమె నమ్మదు కూడా.

"నన్ను?" అంది.

"నిన్ను బాగా చూసుకోమని ఆవిడకి రాశాను," అన్నాను దద్దమ్మలా.

ఆమె ఉత్తరం మడిచి నా చొక్కా జేబులో కుక్కింది. "నీ సంతకం నాకక్కర్లేదు. నీ వాతావరణం కూడా అక్కర్లేదు," అని వానలోకి నడిచిపోయింది. వెనక్కి తిరుగుతుందేమోనని చూస్తూ నిలబడ్డాను. తిరగలేదు. నా చేతిలో సంచి తడిసి చినిగి, ఉల్లిపాయలు పార్కింగంతా దొర్లాయి.

* * *

తనిఖీ రోజు జరిగింది నేను చూడలేదు. తర్వాత హుయా చెప్పగా విన్నాను.

మిసెస్ డ్రమండ్ పొద్దున్నే వచ్చింది. మూడు గంటలు ఒక్క మాట లేకుండా కొలిచింది. బ్రేకులు పాస్. ఇంజిను పట్టీలు పాస్. ఇరుసు సందు పాస్, రెండు మిల్లీమీటర్ల తేడాతో. చివర చప్పుడు. మీటరు తొంభై ఏడు చూపించింది.

"రెండు ఎక్కువ," అని ఆవిడ పెన్ను తీసింది.

కహురంగి ఆ పెన్ను వైపే చూస్తూ అడిగింది. "మీరు ఎంతసేపుంటారు?"

"టీ తాగి బయల్దేరతాను."

"అమ్మా, టీ పెట్టు. నీళ్ళు బాగా పొయ్యి!"

హుయా జీవితంలో అంత నెమ్మదిగా ఎన్నడూ టీ కాయలేదట. మొదటి కప్పుకి రొట్టె, రెండో కప్పుకి జామ్, మూడో కప్పుకి పాత ఫోటోల ఆల్బం. షెడ్డులో కహురంగి పొగగొట్టం సగానికి కోసి, ఇంకో సైలెన్సర్ డబ్బా మధ్యలో పెట్టి అతికింది. చేతి మీద నిప్పురవ్వలు పడ్డా ఆగలేదు. అతుకు సగంలో ఉండగా వెల్డింగ్ తీగ అయిపోయింది. ఆమె తలుపు వైపు పరిగెత్తబోయింది.

గుమ్మంలో రావిరి తాత నిలబడి ఉన్నాడు. చేతిలో తుప్పుపట్టిన ఒక రేకు డబ్బా, దాన్నిండా వెల్డింగ్ తీగ.

పదకొండేళ్ళలో ఆయన ఆ గుమ్మం దాకా రావడం అదే మొదటిసారి. "అతుకు చల్లారేదాకా ఇంజిను స్టార్ట్ చెయ్యకు," అన్నాడు. డబ్బా నేల మీద పెట్టి వెళ్ళిపోయాడు.

ఈసారి మీటరు తొంభై నాలుగు.

మిసెస్ డ్రమండ్ సంతకం పెట్టింది. తర్వాత సంచిలోంచి ఇంకో కాగితం తీసింది. "ఫైలు బదిలీ ఫారం. దీని కాపీ దరఖాస్తుదారుకు ఇవ్వాలి. చదువుకో తల్లీ. 'కారణం' అనే గడి కాస్త జాగ్రత్తగా చదువు. ముప్పై ఏళ్ళ సర్వీసులో అలాంటి కారణం నేను చూడలేదు."

* * *

అదే రోజు సాయంత్రం నాలుగింటికి నా అద్దె ఇంటి వసారాలో కూర్చుని ఉన్నాను. దూరంగా డబ్ డబ్ డబ్. అది ఈ జిల్లాలో ఒకే ఒక్క బండి చప్పుడు. లేచి నిలబడ్డాను. కూర్చున్నాను. మళ్ళీ నిలబడ్డాను.

కహురంగి గేటు ముందు బండి ఆపి, కాగితం చేత్తో పట్టుకుని దిగింది. మోచేతి మీద కాలిన మచ్చలు. గొంతు సవరించుకుని పెద్దగా చదివింది.

"'దరఖాస్తుదారు పట్ల నాకు ఇష్టం ఏర్పడింది. అది తగ్గే సూచనలు లేవు. కనుక నా తీర్పు నిష్పాక్షికం కాజాలదు.' ప్రపంచంలో ఎవరికైనా ఇంత ఘోరమైన ప్రేమలేఖ వచ్చి ఉంటుందా?"

"అది ప్రేమలేఖ కాదు. ఆఫీసు ఫారం."

"మూడు ప్రతులు! ప్రేమని మూడు ప్రతుల్లో రాసినవాణ్ణి నిన్నే చూస్తున్నా."

"ఒకటి రికార్డుకి, ఒకటి..."

"లాక్లన్. నోరుముయ్యి."

మూసుకున్నాను. ఆమె మెట్టెక్కి ఎదురుగా నిలబడింది. కోపం పోయింది గాని, దాని చోట వచ్చినదాన్ని ఆమె ఇంకా సరిగ్గా పట్టుకోలేకపోతోంది. కాగితం అంచు చుడుతోంది, విప్పుతోంది.

"నీ సంతకంతో పాసయ్యుంటే ఊరంతా ఏమనేదో నాకు తెలుసు. నువ్వది ముందే ఆలోచించావు. నేను పార్కింగ్‌లో అన్న మాటలకి..."

"ఉల్లిపాయలు పోయాయి. అంతకుమించి నష్టమేమీ లేదు."

ఆమె నవ్వేసింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది. "సరే. నాకు కూడా ఇష్టమే అని ఏ ఫారంలో రాయాలి?"

"ఫారం అక్కర్లేదు," అన్నాను. నా గొంతులో 'ర' అంతా ఎటో పోయింది.

ఆమె గ్రీజు వేలు నా చెంప మీద పెట్టి ఒక గీత గీసింది. "ఇదే సంతకం," అంది.

కొండ కనిపించడం లేదు. వాన మొదలైంది. మేం చాలాసేపు గమనించలేదు.

* * *

ఆదివారం కూడా వానే. కహురంగి బండిని వరండా ముందు నిలిపి, తలుపు తెరిచి పట్టుకుంది.

"తాతా, అమ్మమ్మ దగ్గరికి వెళ్దాం."

రావిరి తాత దుంపల గిన్నె వైపు చూశాడు. "వాన పడుతోంది."

"అవును. అందుకే ఇవాళ అంటున్నాను. ఎండలో ఎక్కితే ఏం లాభం?"

హుయా కాలు ఈడుస్తూ వెళ్ళి తనంతట తాను వెనక సీట్లో కూర్చుని, బెల్టు పెట్టుకుంది. అది చూశాక ఆయన లేచాడు.

ఆయన ముందు సీట్లో, నేను హుయా పక్కన. మాంగాకోహు రోడ్డు మొదటి మలుపు. రెండోది. తారు మీద నీళ్ళు పారుతున్నాయి. కహురంగి ముందే గేరు దించింది, చిన్న గాలి పెందలాడే అందుకుంది, బండి నేలను నాలుగు చేతుల్తో పట్టుకున్నట్టు మూడో మలుపు తిరిగింది. అద్దంలో ఆమె కళ్ళు కనిపించాయి. రెప్ప వెయ్యలేదు. పక్కన హుయా నా చెయ్యి నలిగిపోయేలా పట్టుకుంది. తర్వాత వదిలేసింది.

శ్మశానం గేటు దగ్గర ఆయన ఒక్కడే లోపలికి వెళ్ళాడు. మేం గొడుగు కింద నిలబడ్డాం. వానలో ఆయన వంగిన వీపు కనిపిస్తోంది, మాటలు వినిపించడం లేదు. చాలా మాట్లాడాడు. పదకొండేళ్ళ మాటలు కదా.

తిరిగొచ్చి గేటు పక్క కుళాయి కింద చేతులు కడుక్కున్నాడు. బండి చుట్టూ ఒకసారి నడిచి బానెట్ మీద అరచెయ్యి ఆనించాడు.

"మలుపు ఎలా దాటావే?"

"చూశావుగా తాతా!"

"చూడలేదు. కళ్ళు మూసుకున్నాను." ఆయన చెయ్యి చాచాడు. "తాళాలివ్వు. తోలేవాడు కళ్ళు మూసుకోలేడు కదా."

కహురంగి నా వైపు చూసింది. నా ఉద్యోగబుద్ధి ఊరుకోలేదు. "తాతా, లైసెన్సు ఉందా?"

ఆయన పర్సు తీసి చూపించాడు. ఉంది. గడువు దాటలేదు. "ప్రతిసారీ రెన్యువల్ చేయించాను," అన్నాడు. "ఎందుకో నాకే తెలీదు."

ముందు సీటు తలుపు హుయా తెరిచింది. "ఇది నా సీటు," అని అందులో కూర్చుంది.

కహురంగీ నేనూ వెనక ఎక్కాం. బండి స్టార్టయింది. రావిరి తాత చెవి పక్కకి వంచి, తన చేత్తో కట్టిన ఇంజిను చప్పుడు కాసేపు విన్నాడు. అద్దం సరిచేసుకుంటూ మమ్మల్నిద్దర్నీ అందులో చూశాడు.

"ఏరా, దక్షిణాది అబ్బాయ్."

"చెప్పండి తాతా."

"చేతులు పట్టుకుంటే పట్టుకున్నారు గాని, ముందు బెల్టులు పెట్టుకోండి. ఈ బండిలో ఉన్నదంతా మా ఇంటివాళ్ళు."

పెట్టుకున్నాం. మళ్ళీ చేతులు పట్టుకున్నాం.

మూడో మలుపు దగ్గరికొచ్చేసరికి వాన ఇంకా పెరిగింది. ఆయన తొందరపడలేదు. కళ్ళు పెద్దవిగా తెరిచి, రోడ్డును తిన్నగా చూస్తూ స్టీరింగ్ తిప్పాడు. బండి మలుపు దాటింది.

"ఇదేనా?" అన్నాడు కాసేపటికి, నమ్మలేనట్టు.

"ఇదే నాన్నా," అంది హుయా. "ఇంతే ఉంది."